తక్కువ ఖర్చులో డిజిటల్ వీడియో: ఏ ఫార్మాట్, ఏ కెమెరా

డిజిటల్ వీడియో తీయాలనుకునేవారు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి ఏ కెమెరా కొనాలన్నది. రెండోది ఆ కెమెరా దృశ్యాన్ని ఏ రూపంలో నమోదు చేయాలన్నది, అంటే ఫార్మాట్. దుకాణంలో మాటలన్నీ మొదటిదాని చుట్టూ తిరుగుతాయి. రెండోది కెమెరా ఇంటికి వచ్చాక, మెనూ తెరిచినప్పుడు గాని గుర్తుకు రాదు. డబ్బు ఆదా కావాలంటే ఈ వరస తిరగబడాలి. వీడియో చివరికి ఎక్కడ ఆడుతుందో, ఎడిటింగ్‌లో దానితో ఎంత పని ఉందో ముందు తేలితే కావలసిన ఫార్మాట్ తేలుతుంది. ఆ ఫార్మాట్‌ను నమ్మకంగా ఇచ్చే కెమెరాల్లో చవకైనదే సరైన కెమెరా.

ఫార్మాట్ అనే ఒక్క మాట కింద చాలా సంగతులు ఇమిడి ఉన్నాయి. ఫ్రేములో ఎన్ని పిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఆ ఫ్రేములను కుదించే కోడెక్ ఏది, సెకనుకు ఎంత డేటా రాస్తుంది, రంగుల వివరం ఎంత నిలుస్తుంది అన్నవన్నీ అందులోవే. ఎంపీ4, ఎంఓవీ అని ఫైలు పేరు చివర కనిపించేవి పై తొడుగులు మాత్రమే. ఒకే తొడుగులో నాసిరకం వీడియో ఉండవచ్చు, మేలురకమూ ఉండవచ్చు. కాబట్టి ఫైలు పేరును బట్టి నాణ్యతను అంచనా వేయడం కుదరదు.

టేపు నుంచి ఫోను దాకా

సామాన్యుడికి అందే డిజిటల్ వీడియో 1995లో డీవీ ఫార్మాట్‌తో మొదలైంది. అంతకుముందు అనలాగ్ టేపును నకలు తీసిన ప్రతిసారీ బొమ్మ కొంత చెడేది. డీవీలో ప్రతి ఫ్రేమునూ విడిగా కుదించి, సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున పావు అంగుళం టేపు మీద అంకెలుగా రాస్తారు. మన దేశం టీవీకి పాటించిన పాల్ పద్ధతిలో ఫ్రేము కొలత 720×576. గంట టేపు కంప్యూటర్లోకి ఎక్కితే సుమారు 13 జీబీ అవుతుంది. ఎక్కించడానికీ గంటే పడుతుంది, ఎందుకంటే టేపు మామూలు వేగంతోనే తిరగాలి. డెన్మార్క్ దర్శకుడు థామస్ వింటర్‌బర్గ్ 1998లో 'ఫెస్టెన్' చిత్రాన్ని అరచేతిలో ఇమిడే డీవీ కెమెరాతో తీశాడు. డానీ బాయిల్ 2002 నాటి '28 డేస్ లేటర్'లో ఎక్కువ భాగాన్ని కెనాన్ ఎక్స్‌ఎల్1ఎస్‌తో తీశాడు. రెండింటికీ ఛాయాగ్రాహకుడు ఆంథనీ డాడ్ మాంటిల్. బొమ్మలోని గరుకును దాచే ప్రయత్నం మానేసి, కథకు తగిన లక్షణంగా వాడుకోవడం ఆయన పద్ధతి. చవక కెమెరాతో తీసిన మంచి సినిమాల్లో చాలా వాటి వెనుక ఇలాంటి నిర్ణయమే కనిపిస్తుంది.

2003లో వచ్చిన హెచ్‌డీవీ అదే టేపు మీద, అంతే డేటాతో 1440×1080 బొమ్మను ఇరికించింది. అందుకోసం ఫ్రేములను విడివిడిగా కాక గుంపులుగా కుదించాల్సి వచ్చింది. ఈ పద్ధతి ఇవాళ్టి చవక కెమెరాలన్నిటిలో ఉంది, దాని గురించి ముందు ముందు వివరం వస్తుంది. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ టేపును పక్కకు నెట్టి మెమరీ కార్డుకు దారి వేసింది.

అసలు మలుపు 2008. లెన్సులు మార్చుకోగల ఫొటో కెమెరాల్లో మొదటిసారి ఆ ఏడాది నికాన్ డీ90లో హెచ్‌డీ వీడియో వచ్చింది. వెంటనే కెనాన్ 5డీ మార్క్ 2 పూర్తి హెచ్‌డీ ఇచ్చింది. 2,699 డాలర్ల ఆ కెమెరాలో 36×24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉంది. అప్పటిదాకా సినిమా కెమెరాలకే చెల్లిన, వెనుక నేపథ్యం మెత్తగా కరిగిపోయే బొమ్మ పెళ్లి వీడియో తీసేవారికి కూడా అందింది. లోపాలకు తక్కువేమీ లేదు. మొదట్లో 30 ఫ్రేములే ఉండేవి, 24, 25 ఫ్రేములు 2010లో సాఫ్ట్‌వేర్ మార్పుతో గాని రాలేదు. ఫైలు 4 జీబీ దాటకూడదు గనుక సుమారు 12 నిమిషాలకు రికార్డింగ్ ఆగేది. సెన్సర్లోని వరుసలను కొన్ని వదిలేస్తూ చదవడం వల్ల సన్నగళ్ల చొక్కాలు, చీరల జరీ అంచులు తెర మీద రంగురంగుల అలలుగా కదిలేవి. అయినా సినిమావాళ్లు ఆ కెమెరాను వదల్లేదు. రామ్‌గోపాల్ వర్మ 2011లో 'దొంగల ముఠా'ను కెనాన్ 5డీ కెమెరాలతో, చాలా చిన్న బృందంతో, ఐదు రోజుల్లో చిత్రీకరించారు. సినిమా ఎలా ఉందన్న చర్చ వేరు. తెలుగులో వెండితెరకూ ఫొటో కెమెరాకూ మధ్య ఉన్న గోడ కూలిందనడానికి అది సాక్ష్యం.

ఆ తర్వాత వేగం పెరిగింది. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 2013లో 995 డాలర్లకు, ఎడిటింగ్‌కు అనువైన ప్రోరెస్ కోడెక్‌లో రికార్డింగ్ తెచ్చింది. పానసోనిక్ జీహెచ్4 2014లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా లోపలి కార్డు మీదే 4కె రాసింది. శాన్ బేకర్ 2015లో విడుదలైన 'టాంజరిన్'ను ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. గారెత్ ఎడ్వర్డ్స్ 2023లో విడుదలైన 'ది క్రియేటర్' అనే భారీ చిత్రానికి సోనీ ఎఫ్‌ఎక్స్3ను వాడాడు. 2025లో విడుదలైన '28 ఇయర్స్ లేటర్'కు డానీ బాయిల్, డాడ్ మాంటిల్ జంట ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌ను ఎత్తుకుంది. ఈ పేర్లు వల్లించి ఫోను అమ్మేవారు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ ఫోన్లకు తగిలించిన లెన్సులు, చట్రాలు, చుట్టూ వెలిగించిన దీపాలు, వెనకున్న బృందం ఫోను ధరలో రావు.

ఫ్రేము కొలత, వేగం

4కె అంటే మామూలు వాడుకలో 3840×2160 పిక్సెళ్లు. హెచ్‌డీకి, అంటే 1920×1080కి ఇది నాలుగింతలు. ఫోను తెర మీద చూసేవారికి ఈ తేడా దాదాపు తెలియదు. అయినా 4కెలో తీయడానికి గట్టి కారణాలు రెండున్నాయి. చవక కెమెరాల్లో హెచ్‌డీ బొమ్మ తరచు మసకగా ఉంటుంది, 4కెలో తీసి ఎడిటింగ్‌లో హెచ్‌డీకి దించితే అంచులు పదునుగా వస్తాయి. రెండోది కత్తిరింపు. అడ్డంగా తీసిన 4కె ఫ్రేము మధ్యలోంచి నిలువు ముక్క కోస్తే 1215×2160 మిగులుతుంది, రీల్స్‌కూ షార్ట్స్‌కూ కావలసిన 1080×1920కి అది సరిపోతుంది. హెచ్‌డీ ఫ్రేములోంచి అదే ముక్క కోస్తే వెడల్పు 607 పిక్సెళ్లకు పడిపోతుంది. ఒకే చిత్రీకరణ నుంచి అడ్డ వీడియో, నిలువు వీడియో రెండూ కావాలంటే 4కె తప్పనిసరి. గంటల తరబడి సాగే ఉపన్యాసానికో హరికథకో మాత్రం హెచ్‌డీ చాలు, డిస్కు కూడా మిగులుతుంది. 6కె, 8కెల మీద డబ్బు పోయడం ఈ స్థాయి పనిలో అనవసరం.

ఫ్రేముల వేగం విషయంలో మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబులైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి కనబడదు, కెమెరాకు కనబడుతుంది. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంటే ప్రతి ఫ్రేములోకీ పూర్తి మినుకులే వస్తాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. 1/60 పెడితే ఒక మినుకు సగంలో తెగి, తెర మీద చారలు పాకుతాయి. అమెరికా వీడియోల్లో చూసి 30 ఫ్రేములు, 1/60 పెట్టుకున్నవారికి కల్యాణ మండపంలో ఎదురయ్యే బాధ ఇదే. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ ఇక్కడి పనికి సహజమైన జత. సినిమా వేగమైన 24 ఫ్రేములతోనూ 1/50 బాగానే నడుస్తుంది. తప్పనిసరిగా 30 కావాలంటే షట్టర్‌ను మాత్రం 1/50కే కట్టేయాలి. వేదిక వెనుక పెట్టే ఎల్‌ఈడీ తెరల లెక్క వేరు. వాటికి వాటి సొంత వేగం ఉంటుంది గనుక షట్టర్‌ను కొంచెం కొంచెం మారుస్తూ చారలు పోయే చోటు వెతుక్కోవాలి. నిదానంగా ఆడించే స్లో మోషన్‌కు 50 లేదా 100 ఫ్రేములు వాడతారు. చాలా చవక కెమెరాలు ఆ వేగంలో ఫ్రేమును కత్తిరించడమో, 4కె మానేసి హెచ్‌డీకి దిగడమో చేస్తాయి.

ఫోన్లతో మరో తంటా ఉంది. వెలుతురు తగ్గితే ఫోను ఫ్రేముల వేగాన్ని తనంతట తనే మారుస్తుంది. అలాంటి ఫైలును ఎడిటింగ్‌లో విడిగా రికార్డు చేసిన ధ్వనితో కలిపితే కొన్ని నిమిషాలకు పెదాలు ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. వేగాన్ని స్థిరంగా ఉంచే ప్రత్యేక యాప్ వాడటమే మందు. 2023లో ఐఫోన్లకు, మరుసటేడు ఆండ్రాయిడ్‌కు ఉచితంగా వచ్చిన బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఆ పనికి చాలు.

కుదింపు: ఎక్కడ ఏం పోతుంది

చవక కెమెరా, ఖరీదైన కెమెరా విడిపోయే చోటు పిక్సెళ్ల సంఖ్య కాదు, కుదింపు. కుదించకుండా వీడియో రాస్తే ఏ కార్డూ తట్టుకోదు గనుక ప్రతి కెమెరా కొంత సమాచారాన్ని పారేస్తుంది. ఏం పారేసిందో తెలిస్తే ఆ వీడియోతో తర్వాత ఏం చేయవచ్చో, ఏం చేయలేమో తెలుస్తుంది.

మొదట పోయేది రంగు వివరం. మనిషి కన్ను వెలుగునీడల్లోని సన్నని తేడాను పట్టినంతగా రంగుల తేడాను పట్టదు. దాన్ని ఆసరా చేసుకుని 4:2:0 పద్ధతిలో నాలుగేసి పిక్సెళ్లకు ఒకే రంగు సమాచారం ఉంచుతారు. 4:2:2లో రెండేసి పిక్సెళ్లకు ఒకటి ఉంటుంది. మామూలుగా చూసేటప్పుడు తేడా కనబడదు. గ్రీన్ మ్యాట్ ముందు మనిషిని నిలబెట్టి నేపథ్యాన్ని తీసేయాల్సి వచ్చినప్పుడు 4:2:0 వీడియోలో జుట్టు అంచులు రంపపు పళ్లలా వస్తాయి.

తర్వాత బిట్ లోతు. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1024 మెట్లు. కెమెరాలోంచి వచ్చిన రంగులను అలాగే ఉంచేసేవారికి 8 బిట్ చాలు. రంగులు సరిదిద్దే గ్రేడింగ్ లోతుగా చేయాలంటే, ముఖ్యంగా లాగ్‌లో తీస్తే, 10 బిట్ కావాలి. లాగ్ అంటే ఎక్కువ వెలుతురు, ఎక్కువ నీడ రెండూ ఇమిడేలా బొమ్మను చప్పగా నొక్కి రాసే పద్ధతి. సోనీ ఎస్-లాగ్, పానసోనిక్ వీ-లాగ్, కెనాన్ సీ-లాగ్ అన్నీ ఈ కోవలోవే. నొక్కిన దాన్ని మళ్లీ సాగదీసినప్పుడు 8 బిట్‌లోని 256 మెట్లు చాలక సాయంకాలపు ఆకాశం పట్టీలు పట్టీలుగా చీలిపోతుంది. చవక కెమెరాల ప్రకటనల్లో లాగ్ ఉందని పెద్దక్షరాలతో వేస్తారు, 8 బిట్ అన్న మాట ఎక్కడో మూలన ఉంటుంది. 8 బిట్ కెమెరాలో లాగ్ జోలికి పోకపోవడమే మేలు. మామూలు ప్రొఫైల్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ తీసేటప్పుడే సరిచూసుకుంటే ఫలితం అంతకన్నా బాగుంటుంది.

మూడోది ఫ్రేముల మధ్య కుదింపు. హెచ్.264, హెచ్.265 కోడెక్‌లలో ఎక్కువగా వాడే లాంగ్ జీఓపీ పద్ధతిలో ఒక ఫ్రేము పూర్తిగా ఉంటుంది, తర్వాతి వాటిలో అంతకుముందు నుంచి మారినదే ఉంటుంది. ఫైలు చిన్నదవుతుంది. కానీ మధ్యలో ఒక ఫ్రేము చూపించాలంటే కంప్యూటర్ దాని చుట్టుపక్కల వాటిని కూడా లెక్కగట్టాలి. పాత ల్యాప్‌టాప్‌లో 10 బిట్ హెచ్.265 ఫైలు తడబడటానికి కారణం అదే. ఆల్-ఇంట్రాలో, ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ విడిగానే ఉంటుంది. ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది, డిస్కు మాత్రం నిండిపోతుంది. ఐఫోన్‌లో 30 ఫ్రేముల 4కె వీడియో నిమిషానికి హెచ్.265లో 170 ఎంబీ, ప్రోరెస్‌లో 6 జీబీ. తేడా ముప్పై అయిదు రెట్లు. 128 జీబీ ఐఫోన్ ప్రోలో ప్రోరెస్‌ను హెచ్‌డీకే పరిమితం చేయడంలో ఆశ్చర్యం లేదు.

బిట్ రేటు, అంటే సెకనుకు రాసే డేటా లెక్క కొనేముందే వేసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్లంటే గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డులో గంటన్నర కూడా పట్టదు. 400 మెగాబిట్ల ఆల్-ఇంట్రా అయితే గంటకు 180 జీబీ. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు, అంటే 240 మెగాబిట్లు ఆగకుండా రాయగలదని అర్థం. 100 మెగాబిట్లకు అది చాలు, 400కు వీ60 కావాలి. చివరికి యూట్యూబ్‌కే వెళ్లే వీడియో అయితే ఇంకో అంకె గుర్తుంచుకోవాలి: హెచ్‌డీ వీడియోను 8 మెగాబిట్లతో, 4కెను 35 నుంచి 45 మెగాబిట్లతో ఎక్కించమని యూట్యూబే సిఫార్సు చేస్తుంది, ఎక్కించాక మళ్లీ తనే కుదిస్తుంది. ఇంటర్వ్యూలు, వంటల వీడియోలకు 4కె, 25 ఫ్రేములు, 8 బిట్, 100 మెగాబిట్ల హెచ్.264 నిక్షేపంగా సరిపోతుంది. షార్ట్ ఫిలిం తీసి రంగులు దిద్దుకునేవారు 10 బిట్ 4:2:2 కెమెరా కోసం ఆగడం న్యాయం. సెన్సర్ సమాచారాన్ని దాదాపు అలాగే రాసే రా ఫార్మాట్ అవసరమయ్యే పని ఈ ధరల్లో చాలా అరుదు.

కెమెరాల రకాలు

ఫోను చేతిలో ఉన్నదే గనుక దాని ధర లెక్కలోకి రాదు. పగటి వెలుతురులో, మనిషికి దగ్గరగా ఉన్నప్పుడు మంచి ఫోను వీడియో చవక మిర్రర్‌లెస్‌కు ఏమాత్రం తీసిపోదు. రాత్రి ముహూర్తాల దగ్గర, దూరం నుంచి జూమ్ చేయాల్సిన చోట తేలిపోతుంది. కారణం సెన్సర్ కొలత. ఒక అంగుళం రకం అని పిలిచే సెన్సర్ 13.2×8.8 మిల్లీమీటర్లు, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13, ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6, ఫుల్ ఫ్రేమ్ 36×24. విస్తీర్ణంలో ఫుల్ ఫ్రేమ్ ఒక అంగుళం సెన్సర్‌కు ఏడు రెట్లు పైనే. ఫోన్లలో చాలావాటి సెన్సర్లు ఆ ఒక అంగుళం కన్నా చిన్నవి.

ఎక్కువమందికి కుదిరే బేరం ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్. ఇందులో మోడల్ పేరు కన్నా చిన్న అక్షరాల్లోని షరతులు ముఖ్యం. కెనాన్ ఎం50 2018లో 4కె ఉందంటూ వచ్చింది, కానీ 4కెలో ఫ్రేమును ఇంకో 1.6 రెట్లు కత్తిరించేది, కెనాన్‌కు పేరు తెచ్చిన ఆటోఫోకస్ ఆ మోడ్‌లో పనిచేసేది కాదు. అదే తరగతిలో 2023లో వచ్చిన ఆర్50 ఆ కత్తిరింపు లేకుండా, 6కె సమాచారం నుంచి 4కెను తయారుచేస్తుంది. సోనీ జడ్‌వీ-ఈ10కు 2021 నుంచి మన యూట్యూబర్లలో మంచి గిరాకీ. ఆటోఫోకస్ గట్టిది, మైకు పెట్టుకోవచ్చు, రికార్డింగ్ సాగుతూనే ఉంటుంది. కానీ వీడియో 8 బిట్ 4:2:0, పైగా సెన్సర్‌ను నెమ్మదిగా చదువుతుంది గనుక కెమెరాను చటుక్కున తిప్పితే కరెంటు స్తంభాలు పక్కకు వాలిపోతాయి. దీన్నే రోలింగ్ షట్టర్ అంటారు. 10 బిట్ దాని రెండో తరంలో, 2024లో వచ్చింది. పాత మోడళ్లను చిన్నచూపు చూడనక్కర్లేదు. 2017 నాటి పానసోనిక్ జీహెచ్5 లోపలి కార్డు మీదే 10 బిట్ 4:2:2 రాస్తుంది, చేతి వణుకును సెన్సర్ దగ్గరే అణుస్తుంది. దాని ఆటోఫోకస్‌ను మాత్రం నమ్ముకోకూడదు.

బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కె 2018లో 1,295 డాలర్లకు రా, ప్రోరెస్ రెండూ ఇచ్చింది. రంగులు చూసి మనసు పారేసుకునే ముందు దాని స్వభావం తెలుసుకోవాలి. కదిలే మనిషిని వెంటాడే ఆటోఫోకస్ లేదు, వణుకు అణిచే ఏర్పాటు లేదు, లోపలి బ్యాటరీ గంట కూడా నిలవదు. పక్కన ఫోకస్ లాగే సహాయకుడు ఉన్న షార్ట్ ఫిలిం బృందానికి అది వరం. ఒంటరిగా పెళ్లికి వెళ్లేవారికి తలనొప్పి.

హ్యాండీక్యామ్ కాలం చెల్లిందని చాలామంది తేల్చేశారు గాని పూర్తిగా చెల్లలేదు. సెన్సర్ చిన్నది, బొమ్మ చదునుగా ఉంటుంది. అయితే ఒకే లెన్సులో పొడవాటి జూమ్, గంటల తరబడి ఆగని రికార్డింగ్, వేడెక్కని నిర్మాణం దానికే సొంతం. నాటకం, అవధానం, శాసనసభ ప్రసంగం లాంటివి మూడు గంటలు ఏకబిగిన తీయాలంటే మిర్రర్‌లెస్ కన్నా అదే నమ్మదగ్గది. ఫొటో కెమెరాల్లో రికార్డింగ్ 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోవడం చాలాకాలం ఉంది. ఐరోపాలో అరగంట దాటి తీసే కెమెరాను వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవారు, దాన్ని తప్పించుకోవడానికి తయారీదారులు పెట్టుకున్న గీత అది. కొత్త మోడళ్లలో గీత చెరిగిపోయినా వేడి ఉంది. మే నెల ఎండలో 4కె తీస్తున్న చిన్న కెమెరా మొరాయించడం మామూలే.

పెట్టె ధరకు బయట

కెమెరా ధర మొత్తం ఖర్చులో సగం కావచ్చు, అంతకన్నా తక్కువా కావచ్చు. లెన్సు మొదటిది. కెమెరాతో కలిపి ఇచ్చే కిట్ లెన్సు జూమ్ చివర ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. చవకగా దొరికే ఎఫ్/1.8 లెన్సు దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. ఏపీఎస్-సీ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు మారినా వెలుతురు సేకరించే విస్తీర్ణం సుమారు రెండున్నర రెట్లే అవుతుంది. రాత్రి పనికి కెమెరా మార్చడం కన్నా లెన్సు మార్చడం లాభమని ఈ రెండు అంకెలే చెబుతాయి. పగలు సంగతి ఎదురు. షట్టర్‌ను 1/50 దగ్గర కట్టేసి ఎండలో తీయాలంటే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా కుదరదు.

ధ్వని గురించి ఒక్క మాట చాలు: కెమెరాలోని మైకు ఎంత ఖరీదైనదైనా మాట్లాడే మనిషికి దూరంగా ఉంటుంది. చొక్కాకు తగిలించే కాలర్ మైకు, లేదా విడి రికార్డరు పెట్టి చప్పట్ల గుర్తుతో కలుపుకోవడం మీద పెట్టిన డబ్బు ఎప్పుడూ వృథా కాదు. కెమెరాకు మైకు రంధ్రం, హెడ్‌ఫోన్ రంధ్రం రెండూ ఉన్నాయో లేదో చూడాలి. చవక మోడళ్లలో రెండోది తరచు ఉండదు.

నిల్వ ఖర్చు కనబడకుండా పెరుగుతుంది. ప్రతి ఫుటేజీకీ రెండు నకళ్లు, రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి. పెళ్లిళ్ల సీజన్‌లో వారానికి పది గంటల 4కె తీసేవారికి 100 మెగాబిట్ల లెక్కన 450 జీబీ, రెండు నకళ్లకు 900 జీబీ అవుతుంది. కంప్యూటర్ పాతదైతే ఎడిటింగ్ కోసం చిన్న ప్రాక్సీ ఫైళ్లు తయారుచేసుకుని, చివర్లో అసలు వాటితో ముడిపెట్టవచ్చు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపంలోనూ ఈ సదుపాయం ఉంది. ఎడిటింగ్ కోసమని కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు.

ఏడాదికి రెండు మూడు సార్లే అవసరమయ్యే కెమెరాను అద్దెకు తెచ్చుకోవడం సుఖం. హైదరాబాద్ కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల సినిమా పనివారి కోసం ఆ వ్యాపారం ఎప్పటినుంచో సాగుతోంది. కొనదలచిన మోడల్‌ను ముందు ఒక రోజు అద్దెకు తీసుకుని, తీయబోయే చోటే, తీయబోయే వెలుతురులోనే పరీక్షించి, ఆ ఫైళ్లను సొంత కంప్యూటర్లో ఎడిట్ చేసి చూడవచ్చు. పాత కెమెరా కొనేవారు పరీక్ష ఇంకొంచెం లోతుగా చేయాలి. లెన్సు మూత పెట్టి ఐఎస్ఓ పెంచి ఒక నిమిషం రికార్డు చేస్తే చెడిపోయిన పిక్సెళ్లు తెల్లటి, ఎర్రటి చుక్కలై బయటపడతాయి. తెల్లగోడ వైపు తిప్పి ఎపర్చర్‌ను ఎఫ్/16కు మూస్తే సెన్సర్ మీద దుమ్ము, బూజు తేలతాయి. మైకు తీగ గుచ్చి కదిపితే రంధ్రం వదులైందో లేదో వినబడుతుంది. హెచ్‌డీఎంఐ పోర్టును టీవీకి తగిలించి చూడాలి. 4కెలో అరగంట ఆపకుండా నడిపితే బ్యాటరీ సత్తా, వేడి తట్టుకునే గుణం రెండూ ఒకేసారి తెలుస్తాయి.